చేతులు దాచిన సంగతి

"తను తిప్పలేదంటోంది కదా. ఒక్కసారి అది నిజమేమోనని అనుకుంటే మీ సొమ్మేం పోయింది?"

మేస్త్రి భార్య ఆ మాట అని టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాద కోసమే. సగం టీ బల్ల మీదే ఒలికిపోయింది.

మేస్త్రి గ్లాసు అందుకోలేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో పొద్దుటి పూట జరుగుతున్నది ఇదే. ఆవిడ ఆడపడుచు మాట ఎత్తుతుంది. ఆయన కిటికీ కేసి చూస్తూ కూర్చుంటాడు. తన మెకానిక్ షెడ్డు తెరిచే వేళ కాగానే బతుకుజీవుడా అని లేచి పోతాడు. ఇవాళ ఆదివారం కావడంతో ఆ దారీ మూసుకుపోయింది.

శుక్రవారం చెల్లెలు ఫోన్ చేసింది. ప్రమాదం జరిగిన ఆ బండి ఇంకొక్కసారి చూడమని బతిమాలింది. చూడ్డానికి అందులో ఏమీ లేదని, కంగారులో చెయ్యి జారి ఉంటుందని, ఆ మాట ఒప్పేసుకుంటే ఆమెకే మనసు కుదుటపడుతుందని ఈయన చెప్పాడు. ఆమె మంచి కోరే చెప్పాడు. ఆమె "సరే అన్నయ్యా" అని ఫోన్ పెట్టేసింది.

ఆ 'సరే' మేస్త్రి భార్య చెవిలో పడింది. రెండు రోజులుగా ఆవిడకి నిద్ర లేదు, ఆయనకి శాంతి లేదు.

ఏం జరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. పక్క రోడ్డు నుంచి పెద్ద రోడ్డు మీదికి ఎక్కే ఏటవాలు అది. ఆ వేళ బావకి కాలు బెణికిందని చెల్లెలు నడిపింది. ఆమె ఎడమ పక్కన బావ, వెనక సీట్లో తొమ్మిదేళ్ళ కూతురు. వెనక లారీ వాడు హారన్ మోగించేసరికి, గబుక్కున పెద్ద రోడ్డులో కలిసిపోదామని కాలు గట్టిగా నొక్కింది. బండి ఎడమకి కోసుకుపోయి మోరీ గోడకి కొట్టుకుంది. ఆస్పత్రికి చేరేలోపే బావ పోయాడు. చెల్లెలికి మణికట్టు విరిగింది. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు.

ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు, పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతుంది కాబట్టి. విచారణకి వచ్చిన అధికారి ఏం చూశావని అడిగితే, అమ్మ స్టీరింగు తిప్పిందని చెప్పింది. ఆ తర్వాత తల్లితో మాట్లాడడం మానేసింది. తల్లి అన్నం పెడితే తినదు, తల్లి పక్కన పడుకోదు. పక్క బట్టలు చంకన పెట్టుకుని నాయనమ్మ గదిలోకి మారిపోయింది.

పిల్ల చెప్పినదాన్ని ఖాయం చేసింది మాత్రం మేస్త్రి. ఆ బండికి పెద్ద ఇంజను బిగించింది ఆయనే కనక అధికారి ఆయన్నీ అడిగాడు. బండి తిన్నగా పోతుంది, నా చేత్తో మూడు రోజులు నడిపి చూశాను అన్నాడాయన. మేస్త్రి నోట అబద్ధం రాదని ఊళ్ళో అందరూ ఎరుగుదురు. అధికారి ఆ ముక్క రాసుకుని కాగితాలు మడిచాడు.

"నా చేతి మీద నమ్మకం లేదా నీకు?" అన్నాడు ఇప్పుడు, కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

"మీ చేతి మీద ఉంది. బండి మీదే లేదు," అంది ఆవిడ.

ఒలికిన టీ బల్ల అంచు దాకా పాకి కింద పడుతోంది. ఎవరూ గుడ్డ తీసుకురాలేదు.

మేస్త్రి చెయ్యి అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఆయన షెడ్డుకి వచ్చేవన్నీ ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే బళ్ళు. ఏడుగురు కూర్చుంటే చిన్న ఎత్తు ఎక్కడానికి కూడా మూలుగుతాయి. వాటి యజమానులు పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చుకునే సంసారులే. కానీ సిగ్నల్ దగ్గర పచ్చ దీపం పడగానే పక్కవాడు నోరు తెరిచి చూడాలని లోపల ఒక సరదా. అటువంటి వాళ్ళకి మేస్త్రి ఆ బండిలోనే రెండింతల బలమున్న ఇంజను ఇరికించి ఇస్తాడు. బయటికి చూస్తే అదే ముసలి బండి. లోపల మాత్రం వేరే ప్రాణం.

షెడ్డులో ఎవరు ఏది బిగించినా, చివరికి నడిపి చూసేవాడు మేస్త్రి ఒక్కడే. ఇంకెవరినీ స్టీరింగు ముట్టుకోనివ్వడు. ఆయన దిగి తాళాలు చేతికిచ్చి తలూపితే బండి తయారైనట్టు. 'మేస్త్రి చెయ్యి పడింది' అన్న మాట ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో చెల్లుబాటవుతోంది.

ఈ ఏడాది మొదట్లో ఆయన తన బండికీ, బావ బండికీ ఒకే రకం ఇంజను, ఒకే నెలలో బిగించాడు. బావే సరదాపడి అడిగాడు. చిన్నపిల్లాడిలా రోజూ సాయంత్రం షెడ్డుకొచ్చి పక్కన నిలబడేవాడు. బావ బండి ఇప్పుడు నుజ్జయిపోయి ఎక్కడో దొడ్లో పడి ఉంది. దాని జోడీ మాత్రం ఇంటి ముందే నిలబడి ఉంది. నెల రోజులుగా మేస్త్రి దాని తలుపు తియ్యలేదు.

"దాని తాళాలు ఇవ్వండి," అంది భార్య.

ఆవిడ పిల్లల ఆస్పత్రిలో నర్సు. నలభై అయిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, ఓ పాత చిన్న కారు నడుపుకుంటూ డ్యూటీకి వెళ్ళొస్తుంది. పెద్ద బండి అడిగినప్పుడల్లా అది నీకు బరువని మేస్త్రి తప్పించేవాడు. ఇవాళ కూడా అదే అనబోయాడు. బరువో తేలికో నేనే చూసుకుంటాను, మీరు పక్కన కూర్చోండి, తిన్నగా పోయిందంటే ఈ జన్మలో మీ చెల్లెలి మాట ఎత్తను అంది ఆవిడ.

ఆ చివరి ముక్క కోసమే మేస్త్రి లేచాడు. కోపంగా తాళాలు తీసి బల్ల మీద, ఆ టీలోనే పడేశాడు.

పాత గోదాముల వెనక ఒక రోడ్డుంది. ఆదివారం అక్కడ కుక్క కూడా తిరగదు. భార్య సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, బుద్ధిగా నడిపింది. బండి గీత గీసినట్టు పోయింది.

"చూశావా," అన్నాడు మేస్త్రి.

ఆవిడ రోడ్డు చివర తిప్పుకుని వచ్చి మళ్ళీ నడిపింది. మళ్ళీ తిన్నగానే పోయింది. మేస్త్రికి గెలిచిన సంతోషం కూడా కలగలేదు. నీ సందేహం తీరాలంటే గట్టిగా నొక్కు, నీ ఆడపడుచు నొక్కినట్టే నొక్కు, తర్వాత నన్ను వదిలెయ్ అన్నాడు విసుగ్గా.

ఆవిడ నొక్కింది.

ఇంజను ఒక్కసారి గర్జించింది. మరుక్షణం రోడ్డు పక్క కంకర టైర్ల కింద కరకరలాడింది. ఆవిడ కాలు తీసి బ్రేకు తొక్కింది. బండి సగం రోడ్డు మీద, సగం కంకరలో, గోదాము గోడకి నాలుగడుగుల దూరంలో ఆగింది. ఎడమ పక్కన.

"ఎందుకు తిప్పావు?" అన్నాడు మేస్త్రి. ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఆవిడ రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి, అరిచేతులు పైకి పెట్టి ఆయనకి చూపించింది.

"నేను తిప్పలేదండీ," అంది.

చెల్లెలు ఆస్పత్రి మంచం మీద నుంచి అన్నది ఈ మాటే. నెల రోజులుగా అంటున్నది ఈ మాటే. అయినా ముప్పై ఏళ్ళ పట్టుదల ఊరికే పోతుందా, దిగు నేను చూపిస్తాను అన్నాడు.

ఆయన నడిపాడు. ఆవిడ నొక్కిన చోటే, ఆవిడకంటే గట్టిగా నొక్కాడు. బండి రోడ్డు మధ్యలోంచి వెంట్రుకవాసి పక్కకి జరగలేదు. ఇంకోసారి నొక్కాడు. తిన్నగానే పోయింది. చెప్పానా అన్నట్టు భార్య కేసి చూశాడు.

ఆవిడ రోడ్డుని చూడడం లేదు. ఆయన చేతిని చూస్తోంది. మళ్ళీ నొక్కండి అని, పిల్లల నాడి చూసే అలవాటు కొద్దీ రెండు వేళ్ళు ఆయన మణికట్టు మీద వేసింది. ఆయన నొక్కాడు. కాలు వదలమంది, వదిలాడు. మళ్ళీ నొక్కమంది. నాలుగుసార్లు అలా చేయించింది.

"మీ కాలు కిందికి దిగినప్పుడల్లా ఈ నరం లేస్తోంది. కాలు తీస్తే పడిపోతోంది. మీరు కుడికి లాగుతున్నారు. మీకు తెలియడం లేదు," అంది.

మేస్త్రి నమ్మలేదు. రోడ్డు బాగా వెడల్పున్న చోటికి వెళ్ళి, నొక్కుతూ, ఒక్క క్షణం వేళ్ళు వదులు చేశాడు. స్టీరింగు తనంతట తాను ఎడమకి తిరిగింది. ఎవరో లాక్కున్నట్టు తిరిగింది.

బండి ఆపేశాడు. తలుపు తీసుకుని దిగి, అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు.

ఇది ఆయనకి తెలియని విద్యేం కాదు. ఈ రకం బళ్ళలో లాగేవీ ముందు చక్రాలే, తిరిగేవీ ముందు చక్రాలే. గేర్ల పెట్టె ఒక పక్కకి ఉంటుంది కనక, దాని నుంచి ఒక చక్రానికి పొట్టి కడ్డీ, రెండోదానికి పొడుగు కడ్డీ వెళతాయి. చిన్న ఇంజనుకి ఏ ఇబ్బందీ లేదు. ఇంజను బలం పెరిగితే ఆ రెండూ సమానంగా లాగవు, స్టీరింగుని ఒక పక్కకి గుంజుతాయి. అందుకని పొడుగు కడ్డీని రెండు ముక్కలు చేసి, నడుమ బేరింగు పెట్టి, రెండు వైపులా కొలత సమానం చెయ్యాలి. అంతకుముందు బళ్ళన్నిటికీ అలాగే చేశాడు. ఈ కొత్త ఇంజనుకి పొగ గొట్టం అడ్డొచ్చింది. బేరింగు బిగించడానికి చోటు చాలలేదు. పోనీ అని పొడుగు కడ్డీనే లావుపాటిది వేశాడు. నడిపి చూశాడు. తిన్నగా పోయింది. పోకేం చేస్తుంది, ముప్పై ఏళ్ళ చేతులు దాని పొగరుని దారిలోనే అణిచేస్తుంటే.

అప్పుడు గుర్తొచ్చింది. బండి తీసుకెళ్ళిన వారానికి బావ షెడ్డుకొచ్చి, గట్టిగా నొక్కితే కొంచెం ఎడమకి లాగుతున్నట్టుంది బావా అన్నాడు. మేస్త్రి నవ్వాడు. ఆఫీసులో పెన్ను పట్టుకునే మెత్తని చేతులు నీవి, నాలుగు రోజులు పోతే అవే అలవాటు పడతాయని వెక్కిరించాడు. బావ కూడా నవ్వాడు. నిజంగానే నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాడు. పడ్డాక ఆ సంగతే మరిచిపోయాడు. ఊళ్ళో మెల్లిగా నడుపుకునే భార్యకి చెప్పాలని ఆయనకి తట్టలేదు, ఈయనకీ తట్టలేదు.

మేస్త్రి ఆ మాట పైకి చెప్పాడు. భార్య ఆయన పక్కనే కంకరలో కూర్చుని అంతా వింది. తిట్టలేదు, ఓదార్చలేదు. కాసేపటికి అడిగింది, ఇలాంటివి ఇంకెన్ని చేశారని. ఇంకో రెండు అన్నాడు.

అక్కడి నుంచే ఆ ఇద్దరికీ ఫోన్ చేశాడు. మొదటాయన బండి తియ్యనని వెంటనే మాటిచ్చాడు. రెండో ఆయన నవ్వాడు. మొదట్లో కొంచెం గుంజేది మేస్త్రీ, ఇప్పుడు చెయ్యి అలవాటైపోయింది, మీరు కంగారు పడకండి అన్నాడు. ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా అని అడిగాడు మేస్త్రి. మా అమ్మాయి నేర్చుకుంటోందండీ అన్నాడాయన గర్వంగా. ఆ తాళాలు తీసి దాచెయ్యమనీ, సోమవారం పొద్దున్నే తనే వచ్చి బండిని తాడు కట్టి తీసుకెళతాననీ రెండుసార్లు చెప్పి, సరేననిపించుకుని గానీ మేస్త్రి ఫోన్ పెట్టలేదు.

చెల్లెలింటికి తనూ వస్తుందేమోనని భార్య కేసి చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇది మీరొక్కరే చెప్పాల్సిన మాట," అంది. పెద్ద బండిని మెల్లిగా ఇంటికి చేర్చాక, తన చిన్న కారులో ఆయన్ని వాళ్ళ వీధి మొదట్లో దింపి వెళ్ళిపోయింది.

రెండంతస్తుల మెట్లు ఎక్కడానికి మేస్త్రికి చాలాసేపు పట్టింది. ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను తప్పు చేశాను అనాలా, నువ్వు చెయ్యలేదు అనాలా, ఏది ముందు? తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి గలగలమని మాటలు వినిపించాయి. పిచ్చుక గొంతు. తల్లితోనే, నెల రోజుల తర్వాత.

ఆయన ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాడు. కళ్ళు చెమర్చాయి.

తలుపు తీసింది పిల్లే. చిక్కు దువ్వెన జుట్టులోనే వేలాడుతోంది. మామయ్యా, అమ్మ ఒంటి చేత్తో జడ వేస్తోంది, ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ వస్తోంది అని ఫిర్యాదు చేసింది. తర్వాత బడిలో ఎవరో కొత్త టీచరు సంగతి, ఎదురింటి పిల్లి సంగతి, ఒకదాని మీద ఒకటి ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పక్క గదిలో నాయనమ్మ కుట్టుమిషను ఆడుతోంది. ఆవిడ ఈ నెలలో కోడల్ని పల్లెత్తు మాట అనలేదు. అసలు ఏ మాటా అనలేదు, చెల్లెలికి అదే ఎక్కువ బాధ.

చెల్లెలు లేచి నిలబడింది. చేతికి కట్టు అలాగే ఉంది. మొహంలో మాత్రం ఏదో తేడా. రా అన్నయ్యా, టీ పెడతాను అంది మామూలుగా. పిల్లని కాసేపు నాయనమ్మ దగ్గరికి వెళ్ళమని చెప్పి మేస్త్రి వంటింట్లోకి నడిచాడు.

ముందూ వెనకా ఏమీ కలపలేదు. చెప్పడానికి వచ్చిన మాట చెప్పేశాడు.

"నువ్వు తిప్పలేదమ్మా. బండే తిరిగింది. తప్పు నాది."

చెల్లెలు గిన్నెలో నీళ్ళు పడుతోంది. పడుతూనే ఉంది. గిన్నె నిండి పొంగిపోయాక మేస్త్రే కుళాయి కట్టేశాడు. గోదాముల రోడ్డు, వదిన తన మణికట్టు మీద వేసిన వేళ్ళు, లావు కడ్డీ, బావ అడిగిన మాట, తను నవ్విన నవ్వు, అన్నీ చెప్పాడు. ఏదీ దాచలేదు. ఆమె గట్టుకి ఆనుకుని వింది. విన్నాక విరిగిన చేతిని, బాగున్న చేతినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది.

"నెల్లాళ్ళు వీటిని చూసి నేనే భయపడ్డానన్నయ్యా. నాకు తెలియకుండా ఏం చేస్తాయో అని కత్తి ముట్టుకోడానిక్కూడా జంకాను," అంది. అని కిందికి జారి గచ్చు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్క గదిలోకి వినపడకూడదని అంత జాగ్రత్త. మేస్త్రి ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యడానికి మొహం చెల్లక వెనక్కి తీసుకున్నాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. ఇవాళ పొద్దున అన్నాడు.

"నిన్న సాయంత్రం పిల్లతో ఒప్పేసుకున్నాను," అంది.

మేస్త్రికి అర్థం కాలేదు.

శుక్రవారం నువ్వు ఆ మాట అన్నాక ఇంక నమ్మేవాళ్ళు ఎవరూ లేరనిపించిందని చెప్పింది. రోజంతా ఆలోచించానంది. తను తిప్పలేదన్నంత కాలం పిల్ల కళ్ళలో తను అబద్ధాలకోరు. తిప్పానంటే పొరపాటు చేసిన అమ్మ. ఆ రెంటిలో రెండోదే నయమనుకుంది. నిన్న పిల్లని కూర్చోబెట్టి, అవునమ్మా, నేనే తిప్పాను, కంగారులో చెయ్యి జారింది, నన్ను క్షమించు అంది. పిల్ల వచ్చి ఒళ్ళో తల పెట్టుకుంది. పొరపాటునే కదమ్మా, ఇంకెప్పుడూ చెయ్యవు కదా అని అడిగింది. నెల తర్వాత తన పక్కలో పడుకుంది.

"ఇప్పుడు వెళ్ళి నేను కాదని చెప్తే, ఇందులో ఏ అమ్మని నమ్మమంటావు దాన్ని?" అంది.

మేస్త్రి తనే చెబుతానన్నాడు. అమ్మ చెప్పక్కర్లేదు, తప్పు చేసినవాడే చెబుతాడన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. దానికి నాన్న పోయాడు, నెల్లాళ్ళు అమ్మ కూడా లేకుండా బతికింది, ఇప్పుడు మామయ్యని కూడా తీసెయ్యమంటావా అంది. అధికారి దగ్గరికి వెళ్ళు, మా అత్తగారికి చెప్పు, ఊరందరికీ చెప్పుకో, పిల్లకి మాత్రం ఇప్పుడొద్దు, కాస్త పెద్దదవనీ అంది. ఆ అనడంలో కోపం లేదు. కోపం ఉంటే మేస్త్రి కొంత తట్టుకునేవాడు.

నేను నాశనం చేసిందాన్ని తనే చేతనైనట్టు అతుకు వేసుకుంది, మళ్ళీ నేనెందుకు పీకాలి అనుకున్నాడాయన. సరే అన్నాడు. శుక్రవారం ఫోన్లో చెల్లెలు అన్నట్టే అన్నాడు.

ఇద్దరూ వంటింట్లోంచి బయటికొచ్చారు. పిల్ల వచ్చి మామయ్య పక్కన చేరింది. చెల్లెలు టీ గ్లాసు తెచ్చి ఆయనకి అందించబోయింది. ఎడమ చెయ్యి, అలవాటు లేని చెయ్యి, కొంచెం వణికింది.

"మెల్లిగా అమ్మా," అంది పిచ్చుక, పెద్ద ఆరిందాలాగా. "నీ చెయ్యి జారుతుంది కదా. ఇలా ఇవ్వు, నేనిస్తా."

తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. పిల్ల మొహంలో ప్రేమే తప్ప ఇంకేమీ లేదు. చెల్లెలు తల వంచుకుని ఆ చేతిని కొంగులోకి లాక్కుంది, చెయ్యని దొంగతనానికి దొరికిపోయిన మనిషిలా. మేస్త్రి అది చూశాడు. ఇకమీద రోజూ ఈ ఇంట్లో జరగబోయేది ఇదేనని తెలిసిపోయింది. పిల్ల క్షమిస్తూనే ఉంటుంది, తల్లి చేతులు దాచుకుంటూనే ఉంటుంది.

ఇచ్చిన మాట ఆయన నోట్లో నిలవలేదు.

"అమ్మ చెయ్యి జారలేదు తల్లీ," అన్నాడు.

"అన్నయ్యా, వద్దు," అంది చెల్లెలు.

ఆయన ఆగలేదు. పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని, బండికి తను పెట్టిన ఇంజను సంగతి చెప్పాడు. గట్టిగా నొక్కితే అది స్టీరింగుని గుంజేస్తుందని, అది తను కనిపెట్టలేకపోయానని, మీ నాన్న చెప్పినా వినిపించుకోలేదని, మామయ్య చేసిన తప్పు వల్ల ఇదంతా జరిగిందని, తొమ్మిదేళ్ళ పిల్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. పక్క గదిలో కుట్టుమిషను ఆగిపోయింది. నాయనమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెడలో వేలాడుతున్న టేపు రెండు చేతులతో పట్టుకుని, మేస్త్రినే చూస్తోంది. ఆవిడ కళ్ళలోకి చూసే ధైర్యం ఆయనకి లేకపోయింది.

పిచ్చుక గ్లాసు పట్టుకునే విన్నది. మధ్యలో ఒక్కసారి మాత్రం, నేను చూశాను మామయ్యా, అమ్మ చేతులు తిరిగాయి అంది. స్టీరింగు తిరిగితే దాంతో పాటు అమ్మ చేతులు తిరిగాయి, నువ్వు చూసింది నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే అన్నాడు మేస్త్రి.

పిల్ల ఆలోచించింది. ఆయన తిట్లకి సిద్ధపడ్డాడు. కొడుతుందనుకున్నాడు, కొట్టాలనే కోరుకున్నాడు. ఆ పిల్ల ఆయన్ని ఏమీ అనలేదు. అసలు ఆయన కేసి చూడనే లేదు. టీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి తల్లి వైపు తిరిగింది.

"అయితే నిన్న నువ్వే తిప్పానని నాతో ఎందుకన్నావమ్మా?"

చెల్లెలు నోరు తెరిచింది. అన్న కేసి చూసింది. ఆయన నేల చూస్తున్నాడు.

పిచ్చుక కాసేపు జవాబు కోసం చూసింది. తర్వాత సగం వేసిన జడతోనే వెళ్ళి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.